మార్కు ముందా, మత్తయి ముందా? సువార్తల వరుస మీద 200 ఏళ్ల వాదన

(ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్. మాట్లాడిన తీరు అలాగే ఉంచి, చదవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం.)

ఎప్పటిలాగే కంచరపాలెం నుంచి, మా మేడ మీద గది నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో రైలు హారన్ వినిపిస్తే ఏమీ అనుకోకండి. మాకు అది ఫ్యాన్ చప్పుడు లాంటిది, ఎడిటింగ్‌లో కూడా తీయబుద్ధి కాదు.

ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. పోయిన నెల ఒక షార్ట్ పెట్టాను. 50 సెకన్లు. బైబిల్లో ఉన్న నాలుగు సువార్తల్లో మూడు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవని స్కాలర్లు అంటారు, మొదట రాసింది మత్తయి కాదు, మార్కు అని చెప్పాను. కింద నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లు ఉన్నారు, తిట్టినవాళ్లు ఉన్నారు. అవి మామూలే.

మామూలు కానిది మర్నాడు పొద్దున్న జరిగింది. మా ఎదురింటి అత్త గేటు దగ్గర నిలబడి, "ఏట్రా నాన్నా, మా సువార్తలు కాపీ కొట్టినవన్నావట?" అంది. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడిని. కోపం కాదు, బాధ. వాళ్లబ్బాయి, నేను ఒకే బ్యాచ్. చిన్నప్పుడు మా ఇంట్లో తిన్న అన్నం ఎంతో వాళ్లింట్లో తిన్నదీ అంతే. వాళ్ల టీవీ పక్కన ఉండే బైబిల్‌కి అట్ట ఊడిపోతే సెల్లోటేప్ వేసి ఇచ్చింది నేనే, ఏడో క్లాసులో.

అప్పుడు నాకు అర్థమైంది. 50 సెకన్లలో నేను జవాబు మాత్రమే చెప్పాను, లెక్క చూపించలేదు. ఈరోజు లెక్క మొత్తం చూపిస్తాను. జవాబుతో మీరు ఏకీభవించకపోయినా పర్వాలేదు, లెక్క మాత్రం చూడండి.

ఒక్క మాట ముందే. సువార్తల్లో ఉన్న సంగతులు జరిగాయా లేదా అన్నది ఈ ఎపిసోడ్ ప్రశ్న కాదు. మన ప్రశ్న చిన్నది. ఎవరు ముందు రాశారు? రాస్తున్నప్పుడు ఎవరి టేబుల్ మీద ఎవరి పుస్తకం ఉంది?

క్రిస్మస్ పాకలో రెండు కథలు

డిసెంబర్‌లో జ్ఞానాపురం వైపు వెళ్తే ఎన్ని ఇళ్ల ముందు పశువుల పాక కడతారో మీకు తెలుసు. గడ్డి, తొట్టి, గొర్రెల కాపరులు, తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు, పైన నక్షత్రం. అందరూ ఒకే ఫ్రేములో ఉంటారు.

ఇప్పుడు పుస్తకం తీయండి. కాపరులు, తొట్టి లూకాలో ఉన్నారు, మత్తయిలో లేరు. జ్ఞానులు, నక్షత్రం మత్తయిలో ఉన్నారు, లూకాలో లేరు. మార్కులో అసలు యేసు పుట్టుకే లేదు, నేరుగా బాప్తిస్మంతో మొదలవుతుంది. అంటే మనం చూసే పాక రెండు పుస్తకాలని కలిపి కట్టినది. తప్పేం కాదు, అందంగానే ఉంటుంది. కానీ పుస్తకాలని పక్కపక్కన పెట్టి చూసేదాకా ఆ సంగతి కనపడదు.

ఈ ఎపిసోడ్‌లో టెక్నిక్ మొత్తం ఇంతే. పక్కపక్కన పెట్టి చూడటం. మేం సాఫ్ట్‌వేర్ వాళ్లం దీన్నే డిఫ్ అంటాం. రెండు ఫైళ్లు ఇస్తే ఏ లైను ఒకేలా ఉంది, ఏ లైను మారింది అని చూపించే టూల్. సువార్తలకి ఆ పని చేసినవాడు యొహాన్ గ్రీస్‌బాఖ్ అనే జర్మన్ పండితుడు. 1770లలో మత్తయి, మార్కు, లూకాలని నిలువు వరుసల్లో పక్కపక్కన అచ్చు వేశాడు. అలాంటి పుస్తకాన్ని సినాప్సిస్ అంటారు, కలిపి చూడటం అని అర్థం. అందుకే ఈ మూడింటికీ సినాప్టిక్ సువార్తలు అని పేరు. యోహాను సువార్త దారి వేరు, దాని కథనమే వేరు, కాబట్టి ఈరోజుకి దాన్ని పక్కన పెడదాం.

పుస్తకంలో వరుస, రాసిన వరుస

"బైబిల్ తెరిస్తే మత్తయి ముందు ఉంది కదా, అదే మొదటిది" అని అనిపించడం సహజం. దీనికి మన తెలుగులోనే మంచి ఉదాహరణ ఉంది. ఆంధ్ర మహాభారతం. 11వ శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తిచేశాడు. పుస్తకంలో చదివితే నన్నయ, ఎర్రన, తిక్కన. రాసిన వరుస నన్నయ, తిక్కన, ఎర్రన. పదో క్లాసులో ఇది బట్టీ పట్టాం, గుర్తుందా?

కొత్త నిబంధనలో కూడా అంతే. పౌలు రాసిన లేఖలు సువార్తల తర్వాత వస్తాయి. కానీ థెస్సలొనీకయులకు రాసిన మొదటి లేఖ క్రీ.శ. 50 ప్రాంతానిదని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అంటే నాలుగు సువార్తల కన్నా ముందుది. కాబట్టి విషయసూచిక చూసి వరుస చెప్పలేం. లోపలికి వెళ్లాలి.

ముగ్గురు సాక్షులు చెబితే ఒకేలా ఉండదా?

అత్త అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "ఒకే సంగతి ముగ్గురు చూసి చెబితే ఒకేలా చెప్తారు కదరా. దానికి కాపీ ఎందుకు?"

మంచి ప్రశ్న. స్కాలర్లు కూడా మొదట దీన్నే దాటాలి. దీనికి జవాబు మన విశాఖపట్నంలోనే దొరుకుతుంది.

1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. అప్పటికి ఇక్కడ పోర్టు లేదు, స్టీల్ ప్లాంట్ సంగతి సరే సరి. బ్రౌన్ దొర నిఘంటువు రావడానికి ఇంకా 40 ఏళ్ల పైనే ఉంది. ఆ పరిస్థితిలో తెలుగు నేర్చుకుని, సువార్తలని తెలుగు చేయడం మొదలుపెట్టారు. వాళ్లకి తోడు నిలిచినవాడు ఆనందరాయర్, మరాఠీ బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన మనిషి. క్రాన్ 1809లో చనిపోయాడు, డెస్‌గ్రాంజెస్ 1810లో. ఇద్దరూ తమ పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేదు. 1812లో బెంగాల్‌లోని సెరంపూర్‌లో ఆ అనువాదం అచ్చయింది. ఏ పుస్తకాలో తెలుసా? మత్తయి, మార్కు, లూకా. మనం ఈరోజు మాట్లాడుకుంటున్న ఆ మూడే. తెలుగులో అచ్చయిన తొలి సువార్తలు మన ఊళ్లో తయారయ్యాయన్న మాట.

అసలు పాయింట్ ఇప్పుడు వస్తుంది. తర్వాత విశాఖలోనే ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తాన్ని తెలుగు చేశాడు. అదే కాలంలో సెరంపూర్‌లో విలియం కేరీ బృందం తమ సొంత తెలుగు కొత్త నిబంధన తెచ్చింది. మూలం ఒకటే, భాష ఒకటే, జట్లు రెండు. కాబట్టి రెండు వేర్వేరు తెలుగు పుస్తకాలు అయ్యాయి. విడివిడిగా అనువాదం చేసే ఇద్దరికి ఒకే వాక్యం, ఒకే పదాల వరుసలో, పేజీలకి పేజీలు రాదు. మీరూ మీ ఫ్రెండూ ఒక ఇంగ్లీష్ పేరాని వేర్వేరు గదుల్లో కూర్చుని తెలుగు చేయండి, రెండో వాక్యానికే తేడా వస్తుంది.

యేసు మాట్లాడింది అరమాయిక్ భాష. సువార్తలు రాసింది గ్రీకులో. అంటే ఆ మాటలు మనదాకా అనువాదంగానే వచ్చాయి. ముగ్గురు విడివిడిగా గ్రీకు చేసి ఉంటే మూడు రకాల గ్రీకు రావాలి. కానీ చాలా చోట్ల ముగ్గురి గ్రీకూ దాదాపు పదం పదంగా కలుస్తుంది.

ఇంకా గట్టి ఆధారం ఒకటి ఉంది. పక్షవాయువు మనిషిని నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించే కథ. మార్కు 2వ అధ్యాయం. అక్కడ యేసు చుట్టూ ఉన్న పండితులతో మాట్లాడుతుంటాడు. వాక్యం పూర్తి కాదు. మధ్యలో కథకుడు దూరి, ఇప్పుడు ఆ రోగితో చెబుతున్నాడు అని ఒక చిన్న గమనిక పెడతాడు. తర్వాత మాట రోగి వైపు తిరుగుతుంది. మత్తయి 9, లూకా 5 తీయండి. వాక్యం సరిగ్గా అక్కడే తెగుతుంది, కథకుడు సరిగ్గా అక్కడే దూరుతాడు. సంఘటన చూసినవాళ్లు ముగ్గురూ ఒకేలా గుర్తుపెట్టుకోవచ్చు. కానీ ఆ గమనిక సంఘటనలో లేదు, రాతలో ఉంది. అది కాగితం మీద నుంచి కాగితం మీదకే వస్తుంది.

కాబట్టి మొదటి మెట్టు: ఈ మూడింటి మధ్య రాతలో సంబంధం ఉంది. దీన్ని భక్తులైన స్కాలర్లు, నమ్మకం లేని స్కాలర్లు దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

అయితే ఎవరు ముందు?

పాత సంప్రదాయం మత్తయే ముందు అంటుంది. క్రీ.శ. 400 ప్రాంతంలో సెయింట్ అగస్టీన్ ఈ విషయం మీద ఒక పుస్తకమే రాశాడు. ఆయన లెక్క ప్రకారం మత్తయి మొదట, మార్కు దాన్ని కుదించి రాసినవాడు. సుమారు 1400 ఏళ్లు ఇదే మాట నడిచింది. మార్కు చిన్న పుస్తకం, భాష గరుకు, జనం తక్కువ చదివారు. పెద్దదాని నోట్స్ లాంటిది అనుకున్నారు.

గ్రీస్‌బాఖ్ 1789లో వరుస మార్చి, మత్తయి, తర్వాత లూకా, ఆ రెండింటినీ చూసి మార్కు అన్నాడు. ఆయన లెక్కలో కూడా మార్కు చివర్నే. తర్వాత 1835లో కార్ల్ లాఖ్‌మన్ సంఘటనల క్రమం మీద ఒక వ్యాసం రాశాడు. మత్తయి, లూకా ఇద్దరూ మార్కు క్రమం వదిలేసినప్పుడు ఒకరితో ఒకరు కలవడం చాలా అరుదని గమనించారు. అంటే మార్కు వరుసే ఆ ఇద్దరికీ వెన్నెముకలా ఉంది. 1838లో వైస్సె, విల్కె అనే ఇద్దరు వేర్వేరు పుస్తకాల్లో మార్కే ముందు అన్నారు. 1863లో హోల్ట్స్‌మన్, 1924లో ఇంగ్లండ్‌లో స్ట్రీటర్ ఆ వాదాన్ని గట్టిగా నిలబెట్టారు. ఈరోజు ఎక్కువమంది స్కాలర్లు అటువైపే ఉన్నారు.

ఎందుకు? మూడు కారణాలు చెప్తాను, బలహీనమైన దాంతో మొదలుపెట్టి.

ఒకటి, సైజు. మార్కులో 661 వచనాలు. వాటిలో సుమారు 90 శాతం విషయం మత్తయిలో ఉంది, సగానికి పైగా లూకాలో ఉంది. మార్కు కుదించినవాడే అయితే రెండు వింతలు వస్తాయి. కొండమీద ప్రసంగం, పరలోక ప్రార్థన, యేసు పుట్టుక అన్నీ వదిలేశాడు. సరే, చోటు లేదనుకుందాం. మరి మిగిలిన కథల్ని ఎందుకు సాగదీశాడు? యాయీరు కూతురి కథ మార్కులో 23 వచనాలు, మత్తయిలో 9. సమాధుల్లో తిరిగే దయ్యాలు పట్టిన మనిషి కథ మార్కులో 20, మత్తయిలో 7. కుదించేవాడు ముఖ్యమైనవి తీసేసి ఉన్నవి పెంచుతాడా?

రెండు, సవరణలు. మార్కు 2వ అధ్యాయంలో దావీదు ఆకలితో దేవుని మందిరంలో రొట్టెలు తిన్న సంగతి వస్తుంది. అప్పటి ప్రధాన యాజకుడి పేరు అబ్యాతారు అని ఉంటుంది. పాత నిబంధనలో మొదటి సమూయేలు 21 చూస్తే అక్కడ ఉన్నది అహీమెలెకు. మత్తయిలో, లూకాలో ఇదే కథ ఉంది, కానీ ఆ పేరు లేదు. మార్కు మొదట్లో యెషయా ప్రవక్త పేరు చెప్పి ఇచ్చిన మాటల్లో మొదటి ముక్క మలాకీలోది. మత్తయి, లూకా ఆ చోట యెషయా మాటల్నే ఉంచి, మలాకీ ముక్కని వేరే అధ్యాయానికి మార్చారు. కోడ్ రాసేవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. బగ్ ఉన్న వెర్షన్ పాతది, ఫిక్స్ అయింది కొత్తది.

కానీ ఇక్కడ ఆగండి. కొత్త వెర్షన్‌లో కొత్త బగ్ కూడా రావచ్చు. నేను రాసిన వాటిలో వచ్చాయి, మా మేనేజర్‌ని అడిగితే చెప్తాడు. కాబట్టి ఇది ఒక్కటే సరిపోదు. దిశ చూపించే గుర్తు కావాలి. బాణం ఎటు తిరిగిందో తెలియాలి.

ఆ గుర్తుని మార్క్ గుడాకర్ అనే స్కాలర్ 1998లో ఒక వ్యాసంలో బాగా వివరించాడు. దాని పేరు అలసట. అది చెప్పే ముందు నా కథ ఒకటి చెప్పాలి. ఇది నేను ఎప్పుడూ ఎక్కడా చెప్పలేదు.

నా ల్యాబ్ రికార్డ్

బీటెక్ రెండో ఏడు, ఎలక్ట్రానిక్స్ ల్యాబ్. రెసిస్టర్, కెపాసిటర్ పెట్టి టైమ్ కాన్‌స్టంట్ కనుక్కునే ప్రయోగం. ఆ రోజు నేను ల్యాబ్‌కి వెళ్లలేదు. అత్త వాళ్లబ్బాయి రికార్డ్ తీసుకొచ్చి రాత్రి కూర్చుని ఎక్కించాను. అనుమానం రాకూడదని తెలివిగా, వాడి 1 కిలో ఓం రెసిస్టర్‌ని నేను 2.2 కిలో ఓం చేశాను. బొమ్మలో మార్చాను, టేబుల్లో మార్చాను, రీడింగులు కూడా కొంచెం అటూ ఇటూ చేశాను. రాత్రి ఒంటిగంట అయింది. చివరి పేజీలో ఫలితం మాత్రం వాడిది ఉన్నట్టే దించేశాను, 0.1 మిల్లీ సెకను. కెపాసిటర్ 0.1 మైక్రో ఫారడ్. 1 కిలో ఓంకి 0.1 సరిపోతుంది. నా 2.2 కి రావాల్సింది 0.22.

నా రికార్డ్ నీట్‌గా ఉంది, స్కెచ్ పెన్నుతో హెడ్డింగులు, థియరీ రెండు పేజీలు ఎక్కువ. వాడిది ఆరు పేజీలు, కొట్టివేతలతో. రెండూ ఒకేలా ఉన్నాయని పట్టుకున్నప్పుడు, చూసినవాళ్లు ఏమనుకున్నారు? పెద్దది, శుభ్రంగా ఉన్నది అసలు. చిన్నది, గజిబిజిగా ఉన్నది దాన్ని చూసి దించింది. వాడికి ఆ ప్రయోగానికి సున్నా వేశారు. వాడు నా వైపు చూశాడు. నేను బెంచీ వైపు చూశాను. నోరు విప్పలేదు.

చివరి పేజీ ఎవరైనా లెక్క కట్టి ఉంటే ఒక్క నిమిషంలో తేలేది. వాడి పుస్తకంలో మొదటి నుంచి చివరిదాకా లెక్క కుదురుతుంది. నా పుస్తకంలో మొదట్లో మార్పు, చివర్లో వాడి అంకె. వాడిది చూసి నేను రాస్తే ఈ తప్పు వస్తుంది. నాది చూసి వాడు రాస్తే, వాడి లెక్క అంత చక్కగా కుదరడం చాలా కష్టం. బాణం ఒకవైపే తిరుగుతుంది.

గుడాకర్ అలసట అన్నది దీన్నే. చూసి రాసేవాడు మొదట్లో జాగ్రత్తగా మార్పులు చేస్తాడు. పోనుపోను ముందున్న పుస్తకం వాడిని తనవైపు లాగేస్తుంది.

మత్తయి 14 చూడండి. బాప్తిస్మమిచ్చే యోహాను తల నరికించిన కథ. మార్కు హేరోదుని మొదటి నుంచి చివరిదాకా రాజు అంటాడు. నిజానికి అంతిప హేరోదు రాజు కాదు, రోమ్ కింద ఒక భాగాన్ని ఏలిన చతుర్థాధిపతి. మత్తయికి ఆ సంగతి తెలుసు. మొదటి వచనంలోనే సరైన బిరుదు వాడాడు. కానీ కథ నడుస్తుండగా 9వ వచనానికి వచ్చేసరికి రాజు అని పడిపోయింది. ఇంకా ఉంది. మార్కులో యోహానుని చంపాలని పట్టుబట్టింది హేరోదియ, హేరోదు కాపాడుతూ వచ్చాడు. అందుకే తల అడిగినప్పుడు బాధపడ్డాడు. మత్తయి మొదట్లోనే మార్చి, చంపాలనుకున్నది హేరోదే అన్నాడు. మరి తల అడిగితే సంతోషపడాలి కదా? 9వ వచనంలో హేరోదు దుఃఖపడతాడు. మొదట్లో 2.2, చివర్లో 0.1.

ఇంకోటి. దీన్ని తెలుగువాళ్లం ఇంగ్లీష్ వాళ్ల కన్నా తేలిగ్గా పట్టుకోగలం. మార్కు 10లో యాకోబు, యోహాను అనే అన్నదమ్ములు వచ్చి, నీ రాజ్యంలో మాకు నీ కుడి ఎడమల చోటు కావాలని అడుగుతారు. మత్తయి 20లో అడిగేది వాళ్ల అమ్మ. యేసు మొదట ఆమెని ఏకవచనంలో అడుగుతాడు. జవాబు ఇచ్చేటప్పుడు మాత్రం గ్రీకులో బహువచనం వస్తుంది, మాట కొడుకులతో నడుస్తుంది. ఇంగ్లీష్‌లో రెండిటికీ ఒకే పదం కాబట్టి ఆ మలుపు దాగిపోతుంది. మన తెలుగు బైబిల్‌లో నీవు, మీరు వేరు కాబట్టి కళ్లముందే కనపడుతుంది. అడిగిన మనిషి మారినా, జవాబు మార్కులో ఉన్న కొడుకులకే వెళ్లింది.

మత్తయే ముందు అనేవాళ్లకి జవాబులు లేవని కాదు. హేరోదుని జనం వాడుకలో రాజు అనే పిలిచేవాళ్లేమో అంటారు. పిల్లలు పక్కనే ఉన్నారు కదా, వాళ్లతో మాట్లాడాడు అంటారు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే సర్దుకోవచ్చు. అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నప్పుడు సర్దడం కష్టమవుతుంది. అయినా 1964లో విలియం ఫార్మర్ అనే అమెరికన్ గ్రీస్‌బాఖ్ వరుసనే మళ్లీ లేవనెత్తి పెద్ద పుస్తకం రాశాడు. ఆ గుంపు చిన్నదే, కానీ ఉంది.

కనపడని పుస్తకం: క్యూ

సరే, మార్కు ముందు అనుకుందాం. కథ అయిపోలేదు. మార్కులో లేని రెండు వందలకు పైగా వచనాలు మత్తయి, లూకాల్లో కామన్‌గా ఉన్నాయి. ఎక్కువగా యేసు బోధలు. పరలోక ప్రార్థన అందులోదే. ఇవి ఎక్కడినుంచి వచ్చాయి?

ఎక్కువమంది చెప్పే జవాబు: ఇద్దరి దగ్గరా ఇంకో పుస్తకం ఉండేది, బోధల సంకలనం, అది పోయింది. దానికి క్యూ అని పేరు. జర్మన్‌లో మూలం అనే మాటకి మొదటి అక్షరం. మార్కు ఒకటి, క్యూ ఒకటి, అందుకే దీన్ని రెండు మూలాల సిద్ధాంతం అంటారు. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర తోమా సువార్త మొత్తం ప్రతి దొరికింది. అందులో కథ లేదు, బోధలే ఉన్నాయి. అలాంటి పుస్తకాలు ఉండేవని దాంతో తెలిసింది. కానీ క్యూ మాత్రం ఒక్క ముక్క కూడా ఇప్పటిదాకా దొరకలేదు.

"దొరకని పుస్తకం ఎందుకు? లూకా మత్తయిని చూసి ఉంటే సరిపోతుంది కదా" అని 1955లో ఆస్టిన్ ఫారర్ అన్నాడు. గుడాకర్ కూడా ఈ జట్టే. వీళ్ల చేతిలో మంచి ఆధారం ఒకటుంది. యేసుని బంధించి, ముఖం కప్పి కొట్టే చోట, నిన్ను కొట్టింది ఎవరో చెప్పు అన్న అర్థం వచ్చే ఐదు గ్రీకు పదాల ప్రశ్న ఉంది. మత్తయిలో ఉంది, లూకాలో ఉంది, అవే ఐదు పదాలు. మార్కులో లేదు. క్యూలో యేసు శ్రమల కథ లేదని దాని సమర్థకులే ఎక్కువమంది అంటారు. మరి ఆ ఐదు పదాలు ఇద్దరికీ ఎలా వచ్చాయి?

అటువైపు వాళ్లు తిరిగి అడుగుతారు. లూకా ముందు మత్తయి ఉంటే జ్ఞానుల కథ ఎందుకు వదిలేశాడు? కొండమీద ప్రసంగాన్ని ముక్కలు చేసి పుస్తకమంతా ఎందుకు చల్లాడు? ఇదీ మంచి ప్రశ్నే. ఈ మ్యాచ్ ఇంకా నడుస్తోంది.

ఏది ఎంత గట్టిది

షార్ట్‌లో నేను చేసిన తప్పు ఇదే. అన్నిటినీ ఒకే గొంతుతో చెప్పాను. ఇప్పుడు మెట్లు మెట్లుగా చెప్తాను.

మూడు సువార్తల మధ్య రాతలో సంబంధం ఉంది: చాలా గట్టిది. మార్కు ముందు: గట్టిది, ఎక్కువమంది ఒప్పుకుంటారు, అందరూ కాదు. క్యూ అనే పుస్తకం ఉండేది: వాదన నడుస్తోంది. సంవత్సరాలు: మార్కు క్రీ.శ. 70 ప్రాంతం, మత్తయి, లూకా ఆ తర్వాత ఒకటి రెండు దశాబ్దాల్లో అని ఎక్కువగా చెప్తారు. యెరూషలేము దేవాలయాన్ని రోమన్లు క్రీ.శ. 70లో కూల్చారు, ఆ సంగతి పుస్తకాల్లో ఎలా కనపడుతుందన్న దాని మీద ఈ లెక్క ఆధారపడింది. అందుకే ఇది పెన్సిల్‌తో రాసిన అంకె, పెన్నుతో కాదు. నాలుగు సువార్తల్లో ఏ ఒక్కదానికీ రాసినవాళ్ల చేతి ప్రతి మిగల్లేదు. ఉన్నవన్నీ ప్రతుల ప్రతులు.

ఇక కాపీ అన్న మాట. అది నాదే తప్పు. ఆ కాలంలో మీద పేరు వేసి ఎవరి సొత్తుగానో అమ్మే పుస్తకాలు కావు ఇవి. లూకా తన మొదటి నాలుగు వచనాల్లోనే, నాకన్నా ముందు చాలామంది రాశారు, నేను అన్నీ విచారించి వరుసగా రాస్తున్నాను అనే అర్థంలో చెప్పుకున్నాడు. దాచలేదు. మన కవిత్రయం వ్యాసుడి భారతాన్ని తెలుగు చేస్తే కాపీ అంటామా? దాచిపెట్టి రాసింది నేను, ల్యాబ్ రికార్డ్‌లో. ఆ మాట అక్కడ సరిపోతుంది.

గేటు దగ్గర

రికార్డింగ్‌కి ముందు ఇదంతా అత్తకి చెప్పాను. సెల్లోటేప్ బైబిల్ తెచ్చుకుంది, నా ఫోన్‌లో ఇంకో బైబిల్. మార్కు 6, మత్తయి 14 పక్కపక్కన పెట్టి వేలితో చదివింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మార్కు చిన్నదని నేను కూడా ఎక్కువ చదవలేదురా. మొదట దాన్నే చదవాలన్న మాట" అంది. నమ్మకం పోలేదు, చదివే వరుస మారింది. ఆమెకి అంతే కావాలి, నేను దాని మీద ఇంకేం మాట్లాడలేదు.

ల్యాబ్ రికార్డ్ సంగతి కూడా చెప్పాను. దానికి మాత్రం ముఖం మారింది. "ఆ సున్నాకి వాడు వారం రోజులు సరిగ్గా తినలేదు, తెలుసా?" అంది. తెలుసు. ఎదురిల్లే కదా.

వాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఈ ఎపిసోడ్ అప్‌లోడ్ చేయకముందే నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఆగి, "చివరి పేజీ నేను అప్పుడే చూశాన్రా" అన్నాడు. ఇన్నేళ్లూ వాడికి తెలుసు. వాడూ చెప్పలేదు.

ఈ వారం మీకు హోంవర్క్. మీ ఇంట్లో ఏ పుస్తకం ఉన్నా పర్వాలేదు, ఒకే కథ రెండు చోట్ల ఉంటే పక్కపక్కన పెట్టి చదవండి. ఏది నీట్‌గా ఉందో చూసి తీర్పు ఇచ్చేయకండి. చివరి పేజీలో లెక్క కట్టండి.

అంతే ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. హారన్ వినిపించిందా? ఉంచేస్తున్నాను.